బడిపంతులు నడిపిన జట్టు

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియంలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. తైవాన్, ఇజ్రాయెల్ క్రీడాకారులను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ ప్రశ్నించారు. అందువల్ల దాదాపు లక్షమంది ప్రేక్షకులు భారత జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ప్రత్యర్థి దక్షిణ కొరియా. అదే టోర్నమెంటు తొలి ఆటలో భారత్‌ను 2-0తో ఓడించిన జట్టు.

రక్షణశ్రేణికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు అప్పటికే కుట్లు పడ్డాయి. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం ఆయనను పక్కన కూర్చోబెట్టలేదు. సెమీఫైనల్‌లోనే ముందుశ్రేణికి మార్చారు. ఆ ఆటలోనూ, ఫైనల్‌లోనూ జర్నైల్ గోల్ కొట్టారు. ఫైనల్‌లో మరొక గోల్ పి.కె. బెనర్జీది. భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. తల గాయంతో ఆటగాణ్ణి మైదానంలోకి పంపడాన్ని నేటి క్రీడావైద్యం సులభంగా అంగీకరించదు. ఆ నిర్ణయాన్ని సాహసమని మెచ్చుకునేటప్పుడు, అందులోని ప్రమాదాన్నీ గుర్తించడం న్యాయం.

రహీం 1909లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో మంచి ఆటగాడు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. శిక్షణలోనూ ఆయన బోధనా పద్ధతినే పాటించారు. అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు, బంతిని వెంట తీసుకుపోకుండా సహచరులకు అందించవలసిన పోటీలు ఏర్పాటు చేసేవారు. విద్యార్థి తప్పించుకు తిరిగే పాఠాన్నే ముందుగా చెప్పించుకునే పంతులు పద్ధతి ఇది.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు ఆ జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. జాతీయ జట్టు శిక్షకుడిగా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0 విజయంతో స్వర్ణం సాధించారు. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 పరాభవం. ఆ రోజు మన ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం దక్కింది.

జకార్తా విజయం తర్వాత రహీం ఎంతోకాలం జీవించలేదు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశారు. 1960 రోమ్ తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు; 1962 తర్వాత ఆసియా క్రీడల స్వర్ణమూ రాలేదు. ఈ క్షీణతకు ఒక్క వ్యక్తి మరణాన్నే కారణంగా చూపడం సరికాదు. ఇతర దేశాలు శిక్షణనూ, దేహదారుఢ్యాన్నీ వ్యవస్థగా మలచుకున్నాయి. మన దేశవాళీ పోటీలలో చాలాకాలం పూర్తి 90 నిమిషాల ఆట కూడా ఉండేది కాదు.

2024లో వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రం రహీం పేరును కొత్త తరానికి పరిచయం చేసింది. అయితే ఆయన విజయాలను తలచుకోవడం ఒకటి, ఆయన పాఠాన్ని కొనసాగించడం మరొకటి. పంతులు వెళ్ళిపోయినా బడి నడవాలి. భారత ఫుట్‌బాల్‌కు పంతులు దొరికారు గాని, ఆయన పేరు నిలిపే బడి మాత్రం ఏర్పడలేదు.