అమ్మిన సరుకు వాపసు: ఉత్తరాంధ్ర సంత నుంచి ఆన్‌లైన్ అంగడి వరకు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు: కొన్న వస్తువును తిరిగి ఇచ్చే హక్కు మన దేశంలో ఎలా రూపుదిద్దుకున్నదో వివరించగలుగుతారు, శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వ్యాపార చరిత్ర వెలుగులో ఆ పరిణామాన్ని అర్థం చేసుకోగలుగుతారు, ఆన్‌లైన్ అమ్మకందారు వస్తువును వెనక్కి తీసుకోనన్నప్పుడు నేటి చట్టం ఏం చెబుతున్నదో తెలుసుకోగలుగుతారు.

1. పరిచయం

“ఒకసారి అమ్మిన సరుకు తిరిగి తీసుకోబడదు.” ఈ మాట రాసిన బోర్డును మీరు ఏదో ఒక దుకాణంలో చూసే ఉంటారు. విజయనగరం బట్టల అంగడిలోనైనా, నరసన్నపేట బజారులోనైనా, రాజాంలోని సామాన్ల షాపులోనైనా ఈ బోర్డు కనబడితే మనం దాన్ని చట్టమే అనుకుంటాం. అడగడానికి మొహమాటపడి ఇంటికి వచ్చేస్తాం. నిజానికి ఆ వాక్యం చట్టం కాదు, వ్యాపారి కోరిక మాత్రమే. ఇప్పుడు అదే వాక్యం దుకాణం గోడ మీది నుంచి సెల్‌ఫోన్ తెర మీదికి చేరింది. “ఈ వస్తువుకు రిటర్న్ వర్తించదు” అన్న చిన్న అక్షరాలు ఆ పాత బోర్డుకు కొత్త రూపం.

వాపసు అనేది వ్యాపారి చూపించే దయా, కొనుగోలుదారుకు ఉన్న హక్కా? ఈ ప్రశ్నకు వేర్వేరు కాలాలు వేర్వేరు జవాబులు ఇచ్చాయి. వాటిని వరుసగా పరిశీలిద్దాం.

2. ప్రాచీన, మధ్యయుగాల దృక్పథం

వస్తువును తిరిగి ఇవ్వడం ఆధునిక కాలపు ఆలోచన అని చాలామంది భావిస్తారు. అది సరికాదు. మనుస్మృతి పేర్కొన్న పద్దెనిమిది వివాద విషయాలలో ‘క్రయవిక్రయానుశయం’ ఒకటి. అనుశయం అంటే పశ్చాత్తాపం. కొన్నవాడు గాని, అమ్మినవాడు గాని తరువాత మనసు మార్చుకుంటే పది రోజులలోగా బేరాన్ని రద్దు చేసుకోవచ్చునని మనుస్మృతి చెప్పింది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ గడువును వర్తకులకు ఒక రాత్రి, వ్యవసాయదారులకు మూడు రాత్రులు, పశుపాలకులకు అయిదు రాత్రులుగా నిర్ణయించింది.

యాజ్ఞవల్క్యస్మృతి మరింత ఆచరణాత్మకంగా ఆలోచించింది. వస్తువు స్వభావాన్ని బట్టి పరీక్షాకాలాన్ని నిర్ణయించింది. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, బరువు లాగే పశువుకు అయిదు రోజులు, రత్నాలకు ఏడు రోజులు, పాడిపశువుకు మూడు రోజులు. ఇందులోని తర్కాన్ని గమనించండి. విత్తనం మొలకెత్తుతుందో లేదో ఒక్క రోజులో తెలియదు. ఆవు పాలు ఎన్ని ఇస్తుందో మూడు పూటలు పితికితే తెలుస్తుంది. వస్తువులోని లోపం బయటపడడానికి పట్టే కాలమే గడువుకు ఆధారమయింది.

ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన ‘మితాక్షర’ వ్యాఖ్యను ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో కేతన తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయం’ రచించాడు. ధర్మశాస్త్రం తెలుగు భాషలోకి వచ్చిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. అయితే శాస్త్రంలో రాసినదీ సంతలో జరిగినదీ ఒకటేనని అనుకోరాదు. పై గ్రంథాలు బానిసల క్రయవిక్రయాలను కూడా ఇదే వరుసలో చర్చించాయి. అవి సమానత్వం మీద నిలబడిన సమాజం రాసుకున్నవి కావు. పరీక్షించుకునే గడువు కొనుగోలుదారుకు న్యాయంగా రావలసినదన్న భావన మాత్రం మన నేలకు కొత్తది కాదని వీటి వలన రుజువవుతుంది.

3. సంత: చూసి, తాకి కొనే పద్ధతి

ఉత్తరాంధ్రలో వారపు సంత చాలాకాలం ప్రధాన వ్యాపార కేంద్రం. సంతలో కొనుగోలుదారుకు ఉన్న రక్షణ అతని కన్నూ చెయ్యీ. పొందూరు ఖద్దరు కొనేవారు బట్టను వేళ్ల మధ్య నలిపి నూలు సన్నదనం తెలుసుకుంటారు. పొందూరులో పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడే పద్ధతి ప్రసిద్ధం. అంత శ్రమతో తీసిన నూలుకూ మిల్లు నూలుకూ తేడా చేతికి తెలుస్తుంది. పైగా అమ్మినవాడు మరుసటి వారం అదే సంతకు రావలసిందే. మోసం చేసినవాడు మళ్లీ మొహం చూపించవలసి రావడం కూడా ఒక రకమైన రక్షణే.

కానీ ఈ రక్షణ అందరికీ సమానంగా దక్కలేదు. ఏజెన్సీ ప్రాంతాల సంతలలో సవర, జాతాపు తదితర గిరిజనులు చింతపండు, కొండచీపుర్లు, జిగురు వంటి అటవీ ఉత్పత్తులు అమ్మి, ఉప్పు, బట్ట, కిరోసిన్ కొనేవారు. కుంచం, అడ్డ, మానిక వంటి కొలతలు వ్యాపారి చేతిలో ఉండేవి. అప్పు కూడా అదే వ్యాపారి దగ్గర ఉండేది. అప్పు ఉన్నవాడు తూకం తప్పని చెప్పలేడు. సరుకు బాగోలేదని వెనక్కి ఇవ్వలేడు. హక్కు ఉన్నా దాన్ని నోరు తెరిచి అడగగల స్థితి లేకపోతే ప్రయోజనం లేదన్న పాఠం ఇక్కడ మనకు కనిపిస్తుంది.

ఈ పరిస్థితిని సరిదిద్దడానికి ప్రభుత్వం కొన్ని చర్యలు తీసుకున్నది. విశాఖపట్నం కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. అది అటవీ ఉత్పత్తులను కొని, డిపోల ద్వారా నిత్యావసర సరుకులను అమ్మసాగింది. తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం కూడా 1956లోనే వచ్చి, దేశమంతటా మెట్రిక్ పద్ధతికి దారితీసింది. అయినా దోపిడీ ఆగలేదు. 1960ల చివరలో సాగిన శ్రీకాకుళ గిరిజన ఉద్యమానికి భూమి, కూలి సమస్యలతో పాటు వ్యాపారుల వడ్డీ, అటవీ ఉత్పత్తుల ధర కూడా కారణాలు. అంగడిలోని అన్యాయం ఎంత దూరం వెళ్లగలదో ఈ చరిత్ర చెబుతుంది.

4. వలస పాలన: ‘కొనేవాడే జాగ్రత్తపడాలి’

ఇంగ్లండులో వ్యాపార విస్తరణ కాలంలో ‘కొనేవాడే జాగ్రత్తపడాలి’ అనే సూత్రం బలపడింది. 1603 నాటి ఒక ప్రసిద్ధ వ్యాజ్యంలో ఒక కంసాలి ఔషధగుణం గల బెజోర్ రాయి అని చెప్పి ఒక రాయిని 100 పౌండ్లకు అమ్మాడు. అది అసలైనది కాదని తేలింది. అయినా అతను ఊరికే చెప్పాడే గాని హామీ ఇవ్వలేదన్న కారణంతో కొన్నవానికి న్యాయం దక్కలేదు.

ఈ సూత్రం ఇంగ్లీషు చట్టంతో పాటు మన దేశానికి వచ్చింది. అయితే కాలక్రమంలో దానికి మినహాయింపులు పెరిగాయి. ఇంగ్లండులోని 1893 చట్టం నమూనాగా వచ్చిన 1930 వస్తు విక్రయ చట్టంలో మూడు అంశాలు మన చర్చకు ముఖ్యమైనవి. మొదటిది, వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. రెండవది, ముందుగా చూడకుండా కొన్న వస్తువును పరీక్షించుకునే సముచితమైన అవకాశం వచ్చేవరకు కొనుగోలుదారు దాన్ని అంగీకరించినట్లు కాదు. మూడవది, న్యాయంగా తిరస్కరించిన వస్తువును మోసుకెళ్లి అప్పగించవలసిన బాధ్యత, వేరే ఒప్పందం లేనంతవరకు, కొనుగోలుదారుపై లేదు. తిరస్కరించినట్లు అమ్మినవానికి తెలియజేస్తే చాలు. కానీ ఏమీ చెప్పకుండా చాలాకాలం తన దగ్గరే ఉంచుకుంటే అంగీకరించినట్లే.

చూడకుండా కొనడం అప్పటికే మొదలయింది. 1877లో తపాలా శాఖ వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టింది. పోస్టుమాన్ డబ్బు తీసుకొని పార్సిల్ ఇస్తాడు. లోపల ఏముందో ఆ తరువాతే తెలుస్తుంది. నేటి ‘క్యాష్ ఆన్ డెలివరీ’కి ఇది పూర్వరూపం. పార్సిల్‌లో నాసిరకం సరుకు వస్తే చట్టప్రకారం హక్కు ఉండేది. కానీ ఎక్కడో మద్రాసులోనో, కలకత్తాలోనో ఉన్న వ్యాపారి మీద సివిల్ దావా వేయడానికి కోర్టు రుసుము, వకీలు, ప్రయాణం అన్నీ కావాలి. వస్తువు వెల కంటే న్యాయం వెల ఎక్కువ కావడం వల్ల ఆ హక్కు కాగితానికే పరిమితమయింది.

5. వినియోగదారుల చట్టం, 1986

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనడీ వినియోగదారుల హక్కులను గురించి కాంగ్రెసుకు సందేశం పంపాడు. 1985 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలను ఆమోదించింది. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టానికి 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందుకే ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా జరుపుకుంటున్నాం.

ఈ చట్టం ప్రతి జిల్లాకూ ఒక ఫోరం ఉండాలన్నది. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. కొత్త జిల్లాలు ఏర్పడడం వల్ల పరిపాలనతో పాటు ఈ న్యాయవేదికలు కూడా ప్రజలకు దగ్గరయ్యాయి. వకీలు లేకుండా సామాన్యుడు తానే వాదించుకోవచ్చు. 1930 చట్టం హక్కునిస్తే, 1986 చట్టం దాన్ని అడిగే చోటునిచ్చిందని చెప్పవచ్చు.

6. ఆన్‌లైన్ వ్యాపారం తెచ్చిన సమస్య

2007లో ఫ్లిప్‌కార్ట్ ప్రారంభమయింది. 2013లో అమెజాన్ మన దేశంలో వ్యాపారం మొదలుపెట్టింది. వస్తువులు ఇచ్ఛాపురానికీ సాలూరుకూ కూడా చేరసాగాయి. వస్తువు ఇంటికి వచ్చింది గాని, వివాదం దూరమయింది. 1986 చట్టం ప్రకారం అమ్మకందారు వ్యాపారం చేసే చోట గాని, వ్యాజ్య కారణం ఏర్పడిన చోట గాని ఫిర్యాదు చేయాలి. వివాదాలు తమ నగరంలోని కోర్టులోనే తేల్చుకోవాలని అనేక కంపెనీలు షరతులలో రాసుకున్నాయి. రెండు వేల రూపాయల వస్తువు కోసం బెంగుళూరు ఎవరు వెళ్తారు? వి.పి.పి. కాలం నాటి చిక్కే మళ్లీ ఎదురయింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం దీనికి పరిష్కారం చూపింది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోట లేదా పనిచేసే చోటనే కేసు వేయవచ్చు. ఆన్‌లైన్ కొనుగోలుదారు కూడా వినియోగదారేనని స్పష్టంగా పేర్కొన్నది. లోపం ఉన్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజులలో వెనక్కి తీసుకోకపోవడాన్ని, డబ్బు చెల్లించకపోవడాన్ని అనుచిత వ్యాపార విధానంగా ప్రకటించింది.

2020 జూలై 23న వెలువడిన ఇ-కామర్స్ నియమాలు మరో అడుగు ముందుకు వేశాయి. వస్తువు లోపంతో ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన సమయం దాటి వచ్చినా అమ్మకందారు దాన్ని వెనక్కి తీసుకోవడానికి నిరాకరించరాదు. ఆలస్యం అనివార్య విపత్తు వల్ల జరిగితే మాత్రం మినహాయింపు ఉంది. ప్రతి ఇ-కామర్స్ సంస్థకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెల రోజులలో పరిష్కరించాలి.

7. ఒక ఉదాహరణ

విజయనగరంలోని ఒక విద్యార్థిని తల్లి కోసం ‘చేనేత నూలు చీర’ అన్న ప్రకటన చూసి 2,400 రూపాయలకు తెప్పించిందనుకుందాం. వచ్చినది పాలియెస్టర్ కలిసిన మరమగ్గం చీర. “చీరకు చిరుగు లేదు, కాబట్టి లోపం లేదు, రిటర్న్ వర్తించదు” అని అమ్మకందారు జవాబిచ్చాడు.

చిరుగు లేకపోయినా చీర వర్ణనకు సరిపోలేదు. కాబట్టి నిరాకరణ చెల్లదు. ఆమె చేయవలసినది: తిరస్కరిస్తున్నట్లు వెంటనే లిఖితపూర్వకంగా తెలపాలి. ప్రకటన, బిల్లు, చీర ఫోటోలు, సంభాషణల నకళ్లు భద్రపరచాలి. సంస్థ ఫిర్యాదుల అధికారికి రాసి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలియజేయవచ్చు. అప్పటికీ ఫలితం లేకపోతే విజయనగరంలోని జిల్లా కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు రుసుము లేదు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు.

అదే చీర ప్రకటనలో చెప్పినట్లే ఉండి, రంగు నచ్చలేదనుకోండి. అప్పుడు చట్టం ఆమెకు సహాయపడదు. అమ్మకందారు స్వయంగా ఇచ్చిన వాపసు హామీ మీదనే ఆధారపడాలి. ఐరోపా సమాఖ్యలో దూరం నుంచి కొన్న చాలా వస్తువులను కారణం చెప్పకుండానే 14 రోజులలో తిరిగి ఇవ్వవచ్చు. మన ఇ-కామర్స్ నియమాలలో అటువంటి సాధారణ హక్కు లేదు. మనుస్మృతిలోని ‘అనుశయం’ దానికి దగ్గరగా ఉండడం గమనించదగిన విషయం.

8. సారాంశం

వాపసు హక్కు చరిత్ర ఒకే దిశలో సాగిన ప్రగతి కాదు. స్మృతులు గడువు ఇచ్చాయి, కానీ అందరినీ సమానంగా చూడలేదు. సంత వస్తువును చూసుకోనిచ్చింది, కానీ అప్పులో ఉన్నవాడి నోరు నొక్కింది. 1930 చట్టం హక్కు ఇచ్చింది, 1986 చట్టం వేదిక ఇచ్చింది, 2019 చట్టం ఆ వేదికను కొనుగోలుదారు ఊరి దాకా తెచ్చింది. అయినా మొహమాటంతోనో, చిన్న మొత్తమే కదా అనుకునో మనం అడగకపోతే గోడ మీది బోర్డే చట్టంగా చెలామణి అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. యాజ్ఞవల్క్యస్మృతి వస్తువును బట్టి వేర్వేరు గడువులు ఎందుకు ఇచ్చింది?
2. వి.పి.పి. పద్ధతికీ నేటి ఆన్‌లైన్ కొనుగోలుకూ గల పోలికలను వివరించండి.
3. ఫిర్యాదు చేసే స్థలం విషయంలో 1986, 2019 చట్టాల మధ్య తేడా ఏమిటి? శ్రీకాకుళం జిల్లా కొనుగోలుదారుకు ఆ తేడా ఎందుకు ముఖ్యం?
4. మీ ఊరి అంగడిలో వాపసు గురించి రాసిన బోర్డును గాని, మీ దగ్గరున్న ఒక బిల్లును గాని పరిశీలించి, అది నేటి చట్టానికి అనుగుణంగా ఉన్నదో లేదో పది వాక్యాలలో రాయండి.