భూకంపంలో ఎముకల గాయాలు: ఆసుపత్రికి చేరేలోగా ఏం చేయాలి?

ప్రస్తుతం శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్‌తో సహా అండమాన్ నికోబార్ దీవులన్నీ దేశంలో భూకంప ముప్పు అత్యధికంగా గల ప్రాంతంలో ఉన్నాయి. 1941 జూన్ 26న ఇక్కడ పెను భూకంపం సంభవించింది. 2004 డిసెంబర్ 26 ఉదయం సుమత్రా సమీపంలో 9.1 తీవ్రతతో మొదలైన భూకంపం అండమాన్ వరకు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున సముద్రగర్భాన్ని చీల్చింది. ఆ వెంటనే సునామీ విరుచుకుపడింది. కార్ నికోబార్ బాధితులను వైమానిక దళ విమానాలలో పోర్ట్ బ్లెయిర్‌కు తరలించారు. దీవులలో క్షతగాత్రునికీ శస్త్రచికిత్సకూ మధ్య తరచు సముద్రమే అడ్డు. అందువల్ల ఇరుగుపొరుగు వారు చేసే ప్రథమ చికిత్స అత్యంత కీలకం.

ఏ ఎముకలు విరుగుతాయి?

గోడలు, బీరువాలు మీద పడటం, మెట్లపై పరుగెత్తి జారిపడటం, మేడపై నుంచి దూకడం ప్రధాన కారణాలు. చేతులకంటే కాళ్ల ఎముకలు ఎక్కువగా విరుగుతాయి. కటి, వెన్నెముక గాయాలూ సంభవిస్తాయి. తొడ ఎముక విరిగితే చర్మం చెక్కుచెదరకపోయినా లోలోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటపడితే దుమ్ము, మురుగు చేరి గాయం చీముపడుతుంది.

శిథిలాల కింద పొంచి ఉన్న ముప్పు

గంటల తరబడి బరువు కింద నలిగిన కండరాల నుంచి పొటాషియం, ఇతర హానికర పదార్థాలు బరువు తొలగించగానే రక్తంలో కలుస్తాయి. అంతవరకు మాట్లాడుతున్న వ్యక్తికి అకస్మాత్తుగా గుండె ఆగవచ్చు, తరువాత మూత్రపిండాలు విఫలం కావచ్చు. దీనిని క్రష్ సిండ్రోమ్ అంటారు. 1941లో లండన్ బాంబు దాడుల బాధితులలో వైద్యుడు ఎరిక్ బైవాటర్స్ దీనిని వివరించారు. చాలాసేపు చిక్కుకున్నవారికి వీలైతే బరువు ఎత్తకముందే వైద్య సిబ్బంది సెలైన్ ఎక్కించడం అందుకే.

తక్షణ కర్తవ్యాలు

తీరప్రాంతంలో బలమైన ప్రకంపనలు వస్తే కట్టు కట్టడానికి ఆగరాదు. క్షతగాత్రునితో సహా ముందు ఎత్తైన చోటికి చేరాలి. అక్కడ ఈ క్రమం పాటించాలి:

- రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి.
- విరిగిన ఎముకను లాగరాదు, లోనికి నెట్టరాదు.
- వెదురు దబ్బ, చెక్క లేదా మడిచిన అట్టను గాయానికి పైనా కిందా ఉన్న కీళ్లు కదలకుండా కట్టాలి.
- ఉంగరాలు, కడియాలు, పట్టీలు తీసివేయాలి.
- వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా కట్టు వదులు చేయాలి.
- వెన్నెముక గాయమని అనుమానిస్తే, తక్షణ ప్రమాదం లేనంతవరకు కదిలించరాదు. తప్పనిసరైతే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా పలువురు కలిసి బల్లపైకి చేర్చాలి.

కట్టు వదులు చేసినా నొప్పి భరించలేనంతగా పెరుగుతుంటే, కండరాల లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ నిలిచిపోతున్నదని అనుమానించాలి. కొన్ని గంటలు ఆలస్యమైనా అవయవాన్ని కోల్పోయే ప్రమాదం ఉన్నందున, అటువంటి వారిని అందరికంటే ముందుగా ఆసుపత్రికి పంపాలి. అత్యవసర సహాయానికి 112 నంబరుకు ఫోన్ చేయాలి.