జిగురు చెవి

జిగురు చెవి చిన్నపిల్లలలో వినికిడి తగ్గడానికి కారణమయ్యే ఒక చెవి వ్యాధి. కర్ణభేరి వెనుక ఉన్న మధ్య చెవిలో పలుచని ద్రవం గానీ, జిగురు వంటి ద్రవం గానీ నిలిచిపోవడం దీని లక్షణం. చీము కారడం, జ్వరం, తీవ్రమైన నొప్పి సాధారణంగా ఉండవు. ఎక్కువమందిలో ఇది 3 నెలలలోపు దానంతట అదే తగ్గుతుంది. తగ్గనివారికి, శస్త్రచికిత్స కుదరనివారికి వినికిడి యంత్రం ఒక మార్గం.

కారణాలు

మధ్య చెవిని ముక్కు వెనుక భాగంతో కలిపే యూస్టేషియన్ నాళం పిల్లలలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు వలన గానీ, అడినాయిడ్ల వాపు వలన గానీ ఆ నాళం సరిగా తెరుచుకోకపోతే లోపల ద్రవం ఊరుతుంది. అంగిలి చీలిక, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలలోను, ఇంట్లో పొగ త్రాగేవారున్న పిల్లలలోను ఇది ఎక్కువ. కాలువలో ఈత కొట్టినప్పుడు చెవిలో చేరిన నీరు దీనికి కారణం కాదు. కర్ణభేరికి రంధ్రం లేనంతవరకు బయటి నీరు దానిని దాటి పోలేదు. చెవిలో పోసిన నూనె కూడా అంతే.

లక్షణాలు, నిర్ధారణ

వినికిడి సాధారణంగా 20 - 30 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఎదురుగా మాట్లాడితే వినే పిల్లవాడు తరగతి గదిలో గోల మధ్య పాఠం వినలేడు. వినికిడి ఒకరోజు ఉన్నట్లు మరొకరోజు ఉండదు. అందువలన పెద్దలు దీనిని అశ్రద్ధగానో, మొండితనంగానో పొరబడే అవకాశం ఉంది. టింపనోమెట్రీ, ఆడియోమెట్రీ పరీక్షలతో వ్యాధిని నిర్ధారిస్తారు.

వినికిడి యంత్రాలు

వినికిడి యంత్రం ద్రవాన్ని తొలగించదు. ద్రవం తగ్గేవరకు బిడ్డ మాట, చదువు వెనుకబడకుండా కాపాడుతుంది. కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం అమర్చే శస్త్రచికిత్సకు ఇది ప్రత్యామ్నాయం. చెవి కారే పిల్లలకు తలపట్టీతో ధరించే, ఎముక ద్వారా ధ్వనిని చేర్చే యంత్రం అనుకూలం. వినికిడి మారుతూ ఉంటుంది కనుక తరచు పరీక్షించి యంత్రాన్ని సరిచేయాలి. మచిలీపట్నం వంటి తేమ గల తీరప్రాంతాలలో రాత్రివేళ యంత్రాన్ని సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఆరబెట్టడం మంచిది.

కృష్ణా జిల్లాలో సదుపాయాలు

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలను పరీక్షిస్తారు. చెవి వ్యాధులు, వినికిడి లోపం ఆ పరీక్షలలో భాగం. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయింది. గుడివాడలో ప్రాంతీయ ఆసుపత్రి ఉంది. దివిసీమలోని నాగాయలంక, కోడూరు వంటి చోట్ల నుండి పెద్ద ఆసుపత్రికి మళ్ళీమళ్ళీ రావడం ఖర్చుతో, కూలి నష్టంతో కూడిన పని.

కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం కింద ఉచితంగా యంత్రం పొందడానికి 40 శాతం వైకల్య ధ్రువపత్రం కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవులలోను కనీసం 60 డెసిబెల్‌ల లోపాన్నే వినికిడి వైకల్యంగా గుర్తిస్తుంది. జిగురు చెవి గల పిల్లలలో ఎక్కువమంది లోపం అంతకంటే తక్కువ, అదీ తాత్కాలికం. కనుక వీరు సాధారణంగా ఈ పథకం పరిధిలోకి రారు. యంత్రం అందకపోయినా తరగతిలో ముందు వరుసలో కూర్చోబెట్టడం, ముఖం కనబడేలా నెమ్మదిగా మాట్లాడడం వీరికి ఎంతో ఉపకరిస్తాయి.