మాచ్‌ఖండ్ విద్యుత్తు – పరివర్తకము

కొరాపుట్ జిల్లా ఒనకడిల్లిలోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రమును 1955వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించిరి. మద్రాసు ప్రభుత్వము తలపెట్టిన పని 1953లో నూతనాంధ్ర రాష్ట్రమునకు సంక్రమించినది. ఆంధ్రకు నూటికి 70 పాళ్లు, ఒరిస్సాకు 30 పాళ్లు అని నాటి ఒడంబడిక. తరువాత అది సమభాగమైనది.

లక్ష్మీపూరు బాలుడొకడు నన్నొకనాడు, “మాస్టారూ, కరెంటు పుట్టింది మన జిల్లాలో కదా, ముందు విశాఖపట్నం ఎందుకు పోయింది?” అని యడిగెను. చరిత్ర గ్రంథములలో ఈ ప్రశ్న కానరాదు. ప్రత్యుత్తరములో సగము పరివర్తకమునందే, అనగా మన పల్లెలవారు ‘ట్రాన్స్‌ఫారం’ అను యంత్రమునందే యున్నది.

ఒనకడిల్లిలో విద్యుత్తు 11 వేల వోల్టుల పీడనముతో జనించును. దానినట్లే దూరము పంపినచో తీగలు వేడెక్కి చాల శక్తి వృథాయగును. ఈ నష్టము ప్రవాహము యొక్క వర్గము ననుసరించి పెరుగును. పీడనమును 132 వేల వోల్టులకు, అనగా పన్నెండు రెట్లకు పెంచినచో, అదే శక్తికి ప్రవాహము పన్నెండవ వంతును, అదే తీగలో నష్టము 144వ వంతును అగును. కొండలు దాటి విద్యుత్తు విశాఖ చేరుట ఈ లెక్కవలననే సాధ్యమైనది.

ఈ మార్పు చేయు యంత్రములో కదలు భాగమే లేదు. పలుచని ఉక్కురేకుల దిమ్మెపై రెండు తీగచుట్ట లుండును. వాని నడుమ తీగ సంబంధము లేదు. మొదటి చుట్టలో దిశ మారుచుండు ప్రవాహము దిమ్మెలో అయస్కాంతశక్తిని పెంచుచు తగ్గించుచుండ, ఆ మార్పు రెండవ చుట్టలో విద్యుత్తును పుట్టించును. రెండవదాని చుట్లు పన్నెండు రెట్లున్న పీడనమును పన్నెండు రెట్లగును. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమిదియే. 1885లో బుడాపెస్టునందు జిపెర్నోవ్‌స్కీ, డేరీ, బ్లాతీ అను మువ్వురు దీనిని వాడుకకు తగిన యంత్రముగా మలచిరి. దాని దగ్గర వినవచ్చు ఝంకారము దిమ్మెలోని సూక్ష్మ కంపనమే.

మిగిలిన సగము ప్రత్యుత్తరము ధనమునకు సంబంధించినది. 132 వేల వోల్టుల తీగనుండి గుడిసెకు దీప మీయ వలనుపడదు. మరల పరివర్తకములతో మెట్టుమెట్టుగా దింపవలెను. పది దీపములకొరకు ఉపకేంద్రము కట్టు వారెవరు? రేవును, నౌకానిర్మాణశాలయు నున్న విశాఖకు గిరాకి యుండెను. జోలాపుట్ జలాశయమునకు భూము లర్పించిన గిరిజనులు మాత్రము చిరకాలము చీకటిలోనే యుండిరి. వారి త్యాగమును లెక్కించు పద్దు ఆ వ్యయపట్టికలో లేదని నా యభిప్రాయము.

ఊరి చివర స్తంభముపై నుండు చిన్న పరివర్తకము 11 వేల వోల్టులను 400 వోల్టులకు దింపును. అందొక తీగ నుండియే యింటికి 230 వోల్టులు వచ్చును. ఆ బాలునికి నేను మొదట చూపినది దానినే.