ఖరగ్‌పూర్ ఎర్రనేల, మొక్కజొన్న వేరు

మొక్కజొన్న నేలలో ఎంత లోతు నుంచి నీరు తోడుకుంటుందన్న ప్రశ్నకు ఖరగ్‌పూర్‌లో కొలిచి చెప్పిన జవాబు ఉంది. ఐఐటీ వ్యవసాయ క్షేత్రంలో పాండా, బెహెరా, కశ్యప్ ఈ పంటపై చేసి 2004లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, అక్కడి ఇసుక గరప నేలలో పైరు వాడుకున్న నీటిలో ఎక్కువ భాగం పై 45 సెంటీమీటర్ల లోపలిదే. అందుకే తడి ఎప్పుడు పెట్టాలో తేల్చడానికి ఆ పొర ఒక్కటి చూస్తే చాలన్నారు. కీలకం కాని దశల్లో, మొక్కకు అందే తేమలో 45 శాతం తగ్గేవరకు ఆగినా దిగుబడి పడిపోదనీ తేల్చారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే జంక్షన్ చుట్టూ పెరిగిన ఈ ఊరికి వర్క్‌షాపు పనుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు కొన్ని తరాలుగా ఇక్కడే ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం మెట్టల్లోని ఎర్రనేల ఎరిగినవారికి ఇక్కడి నేల వింతగా తోచదు. ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన పడినా, అందులో అధిక భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కురుస్తుంది. తేలిక నేల ఆ తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీకి సాగునీరు తొలినుంచీ ముఖ్యమైన పరిశోధనాంశం కావడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఆ 45 సెంటీమీటర్లు మొక్కజొన్న జాతి మొత్తానికి గీసిన గీత కాదు. మొలకెత్తగానే వచ్చే వేర్లు కొద్దికాలమే మోస్తాయి. ఆ తర్వాత కాండం అడుగు కణుపుల నుంచి వరుసలుగా పుట్టే వేర్లే పైరును నిలబెడతాయి. అవి ఎన్ని ఉంటాయి, ఏ కోణంలో దిగుతాయి, పక్క వేర్లు ఎంత ఒత్తుగా వేస్తాయి, లోపల ఎన్ని గాలి గదులు ఏర్పడతాయి అన్నవి రకాన్ని బట్టి మారతాయి. గాలి గదులు ఎక్కువైతే వేరును బతికించుకునే ఖర్చు తగ్గి, మిగిలిన ఆహారం లోతుకు దిగడానికి పనికొస్తుంది. అమెరికా శాస్త్రవేత్త జొనాథన్ లించ్ 2013లో ప్రతిపాదించిన ఆదర్శ వేరు ఇలాంటిదే: కణుపు వేర్లు మరీ ఎక్కువా మరీ తక్కువా కాకుండా మధ్యస్థంగా, దిగే కోణం నిటారుగా.

ఈ తేడాలను ప్రజననకారులు చాలాకాలం పట్టించుకోలేదు. భారతదేశంలో 1957లో మొదలైన అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకం 1961లో గంగ 1, గంగ 101, రంజిత్, దక్కన్ హైబ్రిడ్లను విడుదల చేసింది. అప్పటి ఎంపికంతా కంకి, దిగుబడి, తెగుళ్ల మీదే. వేరు కనబడదు, తవ్వితే తెగుతుంది. కాబట్టి ఆ నిర్లక్ష్యాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

కరవును తట్టుకునే మొక్కంటే వేళ్లు గుబురుగా ఉన్న మొక్క అన్న నమ్మకాన్ని దెబ్బతీసినది మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం సిమ్మిట్ పని. టుక్స్పెన్యో అనే సమూహంలో పూత దశలో నీరు ఆపి, తరతరాలుగా మంచి మొక్కల్ని ఎంచుతూ పోయారు. కరవులో దిగుబడి పెరిగింది, మగ పూతకూ పీచు రావడానికీ మధ్య గడువు తగ్గింది. పై 50 సెంటీమీటర్లలో వేరు బరువు మాత్రం సుమారు మూడో వంతు తరిగింది. అక్కరకు మించిన వేరు కంకి కూడు తింటుందన్నమాట.

తర్వాతి అధ్యాయం హైదరాబాద్‌లో నడిచింది. సిమ్మిట్ ఆసియా బృందం 396 ఉష్ణమండల మొక్కజొన్న లైన్లను 2012, 2013 వానాకాలాల్లో వేరు పరీక్షా కేంద్రంలో పెంచి, కరవులోనూ తడిలోనూ వేరు లోతు, పొడవు, ఎండు బరువు, పూతవేళ వాడిన నీరు కొలిచింది. లైన్ల డీఎన్ఏను కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివించి, ఏ భాగం ఏ లక్షణంతో ముడిపడి ఉందో 2016లో ప్రకటించింది. లోతూ బరువూ ఒక్క జన్యువు చేతిలో లేవు. చిన్న చిన్న ప్రభావాలు అనేక చోట్ల చెదిరి ఉన్నాయి.

ఖరగ్‌పూర్ వంటి నేలలకు దీని అర్థం ఒకటే. పరీక్షా కేంద్రంలో లోతుకు దిగిన వేరు ఇక్కడి ఎర్రనేల కింది గట్టి లేటరైట్ (ఎర్ర రాతి) పొరను కూడా దాటుతుందన్న హామీ లేదు. లోతు వేరు గల రకాలను ఆ ఎర్రనేలలోనే, వానలు తగ్గాక, మళ్లీ పరీక్షించి తీరాలి.