అడ్డకర్ర నుంచి డెడ్‌బోల్టు దాకా

కొత్తగా మిక్సీ కొనాలంటే నలుగుర్నీ అడుగుతాం, నాలుగు కొట్లు తిరుగుతాం. వీధి తలుపు తాళం దగ్గరికొచ్చేసరికి మాత్రం కొట్టువాడు ఏదిస్తే అది తెచ్చుకుంటాం. పాత ఫ్లాట్లలో అయితే అదీ లేదు. కట్టిన రోజున బిల్డరు బిగించిన తాళమే చాలా ఇళ్ళలో ఇవాళ్టికీ తలుపుకి వేలాడుతూ ఉంటుంది. మనకంటే ముందు ఆ ఇంట్లో ఎందరు కాపురమున్నారో, వాళ్ళ దగ్గర ఎన్ని తాళంచెవులు మిగిలిపోయాయో ఎవరికెరుక? అందుకని ఈవేళ తాళం కథ మొదట్నించీ కాస్త చెప్పుకుందాం. కథ తెలిస్తే ఏది మార్చుకోవాలో, ఏది ఉంచుకోవాలో మనకే తెలిసివస్తుంది.

మన పాతకాలపు మండువా ఇళ్ళు గుర్తున్నాయి కదండీ. వీధి తలుపు వెనక గోడలో అటూ ఇటూ రెండు గూళ్ళుండేవి. రాత్రయితే వాటిలోకి అడ్డకర్ర దూర్చేవారు. నలుగురు మనుషులు తోసినా ఆ తలుపు కదిలేది కాదు. కానీ అడ్డకర్ర వెయ్యాలంటే లోపల మనిషి ఉండాలి. ఉమ్మడి కుటుంబాల రోజుల్లో ఇంట్లో మనిషి లేకపోవడమనేదే లేదు. ముసలమ్మో, బాలింతో ఎవరో ఒకరుండేవారు. మొగుడూ పెళ్ళాం ఉద్యోగాలకీ, పిల్లలు బడికీ పోయే ఇంటికి అడ్డకర్రతో పనిజరగదు. బయటినుంచి వేసుకుని, బయటినుంచే తీసుకునే సాధనం కావాలి. తాళం పుట్టింది ఈ అవసరంలోంచే.

ఈ చిక్కుని వేల ఏళ్ళ కిందటే ఈజిప్టువాళ్ళు విప్పారు. తలుపుకి అడ్డంగా ఒక చెక్క గడియ, దానిమీద కొన్ని బెజ్జాలు. గడియ మూసుకోగానే పైనుంచి చిన్న చిన్న కొయ్యమేకులు వాటి బరువుకి అవే ఆ బెజ్జాల్లోకి పడిపోతాయి. ఇక గడియ కదలదు. తాళంచెవి అంటే పళ్ళున్న చెక్కముక్క, చూడటానికి పెద్ద పళ్ళు తోముకునే బ్రష్షులా ఉండేది. దాన్ని దూర్చి పైకెత్తితే మేకులు లేస్తాయి, గడియ జరుగుతుంది. ఈ మేకుల సంగతి మరిచిపోకండి. కథలో మళ్ళీ వస్తాయి.

రోమనుల కాలానికి తాళాలు లోహంతో వచ్చాయి. వాళ్ళ బట్టలకి జేబులుండేవి కావు గనక చిన్న తాళంచెవుల్ని ఉంగరాల్లా వేలికి పెట్టుకునేవారు. మనం చూడవలసిన ముచ్చట ఇంకొకటుంది. భార్యకి విడాకులిచ్చేటప్పుడు ఆమె దగ్గరున్న ఇంటి తాళంచెవులు పుచ్చేసుకోవడం రోములో ఆచారం. ఎంత దూరదేశమైనా ఈ మాట మనకి కొత్తగా తోచదు. అత్తగారి నడుమునున్న తాళంచెవుల గుత్తి కోడలి చేతికొచ్చిన రోజునే కోడలు ఇంటి ఇల్లాలయిందనేవారు మన పెద్దలు. తాళంచెవి ఎక్కడైనా ఇనపముక్క మాత్రమే కాదు, అధికారం.

ఆ తర్వాత శతాబ్దాలపాటు తాళాలకి నగిషీలు పెరిగాయేగాని లోపలి పనితనం పెద్దగా మారలేదు. మార్పు ఇంగ్లండులో వచ్చింది. 1778లో రాబర్ట్ బారన్ అనే ఆయన లీవర్ల తాళానికి పేటెంటు తీసుకున్నాడు. లోపలి బిళ్ళల్ని తక్కువ ఎత్తినా, ఎక్కువ ఎత్తినా అది తెరుచుకోదు. 1784లో జోసెఫ్ బ్రామా ఇంకో కొత్తరకం తాళం చేశాడు. దాన్ని లండన్లో తన కొట్టు అద్దాల కిటికీలో పెట్టి, చెవి లేకుండా తెరిచినవాళ్ళకి 200 గినీలు ఇస్తామని పందెం కాశారు. 1817లో పోర్ట్స్‌మౌత్ ఓడరేవులో దొంగచెవులతో చోరీ జరిగింది. ఎవరికీ లొంగని తాళం చేసినవారికి బహుమతి ఇస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటిస్తే, జెరెమయా చబ్ 1818లో చమత్కారమైన తాళం ఒకటి తయారుచేశాడు. దొంగచెవి పెట్టి ఎవరైనా కెలికితే లోపల ఒక బిళ్ళ ఇరుక్కుంటుంది. మర్నాడు యజమాని అసలు చెవి తిప్పబోతే తిరగదు. ఎవరో చెయ్యి పెట్టారని తెలిసిపోతుంది. మన పోపులడబ్బాలో దాచిన డబ్బుకి కూడా అలాంటిదుంటే ఎంత బాగుండునో!

ఈ ధీమా అంతా 1851లో పోయింది. లండన్లో జరిగిన మహా ప్రదర్శనకి ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా తాళాలాయన వచ్చాడు. చబ్ తాళాన్ని అరగంటలోపే విప్పేశాడు. బ్రామా తాళానికి మాత్రం 50 గంటలకు పైగా, పదహారు రోజుల్లో విడతలు విడతలుగా శ్రమపడ్డాడు. ఆఖరికి అదీ తెరుచుకుంది, 200 గినీలూ ఆయనకే దక్కాయి. దీన్నిబట్టి మనం తెలుసుకోవలసిందేమిటంటే, తెరవలేని తాళమంటూ లేదు. మంచి తాళం దొంగకి ఆలస్యం కలిగిస్తుంది. మెట్లమీద పదిమంది తిరిగే ఇంట్లో ఆ ఆలస్యానికే దొంగ జంకుతాడు.

ఇక ఈజిప్టు మేకుల దగ్గరికి వద్దాం. అమెరికాలో లైనస్ యేల్ అనే తండ్రి 1848లో ఆ పాత సూత్రాన్నే లోహపు తాళంలోకి తెచ్చాడు. అదే పేరున్న కొడుకు 1860ల్లో దాన్ని వేలెడు గొట్టంలోకి కుదించి, రంపపు పళ్ళున్న బల్లపరుపు తాళంచెవి తయారుచేశాడు. మేకులు బరువుకి పడనక్కర్లేకుండా ఒక్కొక్కదాని వెనకా చిన్న స్ప్రింగు పెట్టారు. ఇవాళ మీ హేండుబ్యాగులో ఉన్న ఫ్లాటు తాళంచెవి చాలావరకు ఈ రకానిదే. బండెడు ఇనుము మొయ్యకుండా ఇల్లంతా చేతిసంచిలో పెట్టుకు తిరిగే సదుపాయం ఆడవాళ్ళకి దాంతో వచ్చింది.

మన దేశంలో తాళాలకి అలీగఢ్ పేరు ఎప్పటినుంచో ఉంది. తమిళనాడులోని దిండిగల్ తాళాలకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొంబాయిలో 1897లో అర్దేశిర్ గోద్రెజ్ తాళాల పరిశ్రమ మొదలుపెట్టాడు. ఆయన న్యాయశాస్త్రం చదివి, ఆ వృత్తి వదిలి ఇందులోకి వచ్చాడు. విదేశీ తాళమే తాళమనుకునే రోజుల్లో మన చేతి తాళంమీద జనానికి నమ్మకం కలిగించాడు.

ఇహ అపార్టుమెంట్ల సంగతి. మన నగరాల్లో ఇవి ఎంతగా పెరిగాయంటే, 1987లో ఆంధ్రప్రదేశ్‌లో ఫ్లాట్లకోసం ప్రత్యేకంగా చట్టమే చేశారు. వాటితోపాటు నైట్‌లాచ్ అనే తాళం ఇంటింటికీ వచ్చింది. తలుపు లాగితే చాలు, దానంతటదే పడిపోతుంది. ఎంత సుఖమో అంత చిక్కు. పాలు పొయ్యిమీద పెట్టి పక్కింటావిడతో రెండు మాటలు మాట్లాడేలోగా గాలికి తలుపు పడిపోయి, వరండాలో లబలబలాడిన ఇల్లాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. దానంతటది పడటానికి కారణం దాని నాలుకకి ఒకపక్క ఏటవాలు, వెనక స్ప్రింగు. ఆ వాలులోంచి పల్చని అట్టముక్క దూర్చినా చాలాసార్లు వెనక్కి జరిగిపోతుంది. తాళం వేశామనుకుంటాం, గొళ్ళెం మరిచిపోయినట్టే!

డెడ్‌బోల్టు సంగతి అలాకాదు. దానికి వాలూ లేదు, స్ప్రింగూ లేదు. దిట్టమైన ఉక్కు గడియ. చెవి తిప్పితేనో, లోపల పిడి తిప్పితేనో తప్ప కదలదు. ఆలోచిస్తే ఇది మన అడ్డకర్రకి మనవరాలే. న్యూయార్కు పాత అపార్టుమెంట్లవాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. గునపం పెట్టి తలుపు పెకలించే దొంగలకోసం శామ్యూల్ సీగల్ అనే మాజీ పోలీసు 1910ల్లో ఒక తాళం కనిపెట్టాడు. అందులో తలుపుమీది ముక్కా, ద్వారబంధంమీది ముక్కా మడతబందులా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నేలకీ తలుపుకీ మధ్య ఏటవాలుగా ఉక్కు కమ్మీ ఆనించే పోలీస్‌లాక్ కూడా అక్కడిదే. అద్దెకున్నవాళ్ళు సొంత తాళం అదనంగా పెట్టుకునే హక్కు అక్కడి చట్టంలోనే ఉంది. ఇంటివారు అడిగితే మారుచెవి ఒకటి ఇవ్వాలి.

అదే న్యూయార్కు ఇంకో పాఠం కూడా నేర్పింది. 1911 మార్చి 25న ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. ఎక్కువమంది పొట్టకూటికి కుట్టుపని చేసుకుంటున్న ఆడపిల్లలు. వెళ్ళేటప్పుడు వాళ్ళ సంచులు తనిఖీ చెయ్యడానికి దారి ఒకటే ఉంచారు. తొమ్మిదో అంతస్తులో రెండోవైపు తలుపుకి తాళం వేసి ఉంది. దొంగతనానికి భయపడి వేసిన తాళం ఎందరు తల్లుల కడుపు కోసిందో చూడండి. ఆ ఘోరం కళ్ళారా చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే యువతి కార్మికుల రక్షణ చట్టాలకోసం పాటుపడి, 1933లో అమెరికా కేంద్ర మంత్రివర్గంలో మొట్టమొదటి మహిళ అయింది.

అందుకే సోదరీమణులారా, డెడ్‌బోల్టు కొనేటప్పుడు లోపలివైపు చేత్తో తిప్పే పిడి ఉన్నదే అడగండి. లోపలినుంచి కూడా చెవి కావలసిన తాళం వద్దు. పొగ కమ్మిన చీకట్లో తాళంచెవి ఎవరు వెతకగలరు? పసిపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న ఇంట్లో అది మరీ ప్రమాదం.

పాత ఫ్లాటులో దిగగానే తాళం మార్చండి. యేల్ రకం గొట్టం తాళమైతే సాధారణంగా లోపలి గొట్టం ఒక్కటి మారిస్తే సరిపోతుంది, ఖర్చు తక్కువ. లీవర్ల రకమైతే మొత్తం మార్చడమే మేలు. తాళం ఎంత మంచిదైనా, గడియ దూరే ద్వారబంధం పుచ్చి ఉంటే దండగే. గడియ పట్టే రేకుని పొట్టి మరమేకులతో కాకుండా కొయ్యలోకి లోతుగా దిగే పొడుగు మరమేకులతో బిగించమని వడ్రంగికి చెప్పండి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గనక, మారుచెవి పూలకుండీ కింద పెట్టకండి. నమ్మకమైన ఒక్క ఇంట్లోనే ఉంచండి. వడ్రంగి పని చేస్తున్నంతసేపూ దగ్గరుండి చూడండి. పని కాగానే తలుపు తీసివుంచి, గడియ సాఫీగా పడుతోందో లేదో మీరే నాలుగుసార్లు తిప్పి చూసుకోండి. తర్వాత తాళంచెవులన్నీ లెక్కపెట్టి మీ చేతికే తీసుకోండి.