ఒకే పేరు, పలు యాక్సెస్ పాయింట్లు: తెగిపోని వైఫై ఏర్పాటు ఎలా?

మూడంతస్తుల ఆసుపత్రిలో ఒక వైద్యుడు రోగి పరిస్థితిని దూరాన ఉన్న నిపుణుడికి వీడియో కాల్‌లో వివరిస్తూ మెట్లెక్కుతుంటారు. మలుపు దగ్గరకు రాగానే చిత్రం నిలిచిపోతుంది, మాట తెగిపోతుంది. ఈ-సంజీవని వంటి సేవలతో టెలీవైద్యం విస్తరించిన ఈ రోజుల్లో దీన్ని చిన్న అసౌకర్యంగా తీసిపారేయలేము. అంతస్తుకొకటి చొప్పున యాక్సెస్ పాయింట్లు బిగించినా ఈ ఇబ్బంది తప్పడం లేదంటే, చాలా సందర్భాల్లో లోపం వాటిని అమర్చిన తీరులోనే ఉంటుంది.

ఒక యాక్సెస్ పాయింట్ పరిధి నుంచి మరొకదాని పరిధిలోకి ఫోన్ గానీ, ల్యాప్‌టాప్ గానీ మారడాన్ని వైఫై రోమింగ్ అంటారు. మొబైల్ ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు ఏ టవరుకు మారాలో నెట్‌వర్కే నిర్దేశిస్తుంది. వైఫైలో ఆ నిర్ణయం చేతిలోని పరికరానిది. ఉదాహరణకు, అందుతున్న సంకేత బలం మైనస్ 70 డీబీఎం కంటే తగ్గాకే ఐఫోన్ మరో యాక్సెస్ పాయింట్ కోసం వెదకడం మొదలుపెడుతుందని ఆపిల్ సంస్థ తన సాంకేతిక పత్రాల్లో పేర్కొంది. మ్యాక్ కంప్యూటర్లు మైనస్ 75 వరకు ఓపిక పడతాయి. అంటే, నిర్వాహకులు చేయగలిగింది పరికరం సరైన సమయంలో సరైన నిర్ణయం తీసుకునేలా పరిస్థితులు కల్పించడమే.

అన్ని యాక్సెస్ పాయింట్లకూ నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, భద్రతా విధానం అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఐపీ చిరునామాలను కేటాయించే బాధ్యత ఒకే రౌటరుకు అప్పగించాలి. పాత రౌటరును రెండో యాక్సెస్ పాయింటుగా వాడుకునేవారు తరచుగా పొరపడేది ఇక్కడే. దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చకపోతే అది తన సొంత చిరునామాలను పంచుతుంది. అప్పుడు గది మారిన ఫోన్‌కు చిరునామా కూడా మారిపోయి, నడుస్తున్న కాల్ తెగుతుంది.

యాక్సెస్ పాయింట్లను రౌటరుతో కలపడానికి తీగను మించినది లేదు. ఈథర్నెట్ కేబుల్ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది, అవసరమైతే దాని ద్వారానే విద్యుత్తునూ అందించవచ్చు. గోడలకు రంధ్రాలు వేయలేని చోట మెష్ పరికరాలు ఉపకరిస్తాయి గానీ, ఒకే రేడియోతో అటు ఫోన్లకూ ఇటు రౌటరుకూ సమాచారం చేరవేసే రకాల్లో వేగం దాదాపు సగానికి పడిపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్‌లో పక్కపక్క యాక్సెస్ పాయింట్లకు ఒకదానితో ఒకటి కలవని 1, 6, 11 చానళ్లను కేటాయించడం ఆనవాయితీ. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ. మన దేశంలో 2018లో ఈ శ్రేణిలో మరిన్ని ఫ్రీక్వెన్సీలను లైసెన్సు అవసరం లేకుండా వాడుకునేందుకు కేంద్రం అనుమతించింది. అయితే కాంక్రీటు శ్లాబును దాటడంలో 5 గిగాహెర్ట్జ్ సంకేతం మరింత బలహీనం.

అసలు చిక్కు సంకేత బలంతో వస్తుంది. డబ్బు పెట్టి కొన్న పరికరం కదా అని అన్నింటినీ పూర్తి శక్తితో నడపడం సహజమే. కానీ పెద్ద గొంతుతో పిలిచే యాక్సెస్ పాయింట్ మాట దూరాన ఉన్న ఫోన్‌కు వినబడుతుంది గానీ, ఫోన్ సన్నని గొంతు తిరిగి దానికి చేరదు. పైగా కింది అంతస్తు సంకేతం ఇంకా బాగానే ఉందనుకుని, తల మీదే ఉన్న యాక్సెస్ పాయింటును ఫోన్ పట్టించుకోదు. సాంకేతిక నిపుణులు ఇలాంటి పరికరాన్ని స్టిక్కీ క్లయింట్ అంటారు. ప్రసార శక్తిని తగ్గించడం, 1, 2 ఎంబీపీఎస్ వంటి అతి తక్కువ వేగాలను నిలిపివేయడం దీనికి విరుగుడు. ఎంత తగ్గించినా, వాయిస్ కాల్స్ సాగవలసిన ప్రతి చోటా కనీసం మైనస్ 67 డీబీఎం బలం అందేలా చూసుకోవాలి.

ఇవన్నీ కుదిరాకే ఐట్రిపుల్ఈ ప్రమాణాల వంతు. 2008లో వచ్చిన 802.11-కె చుట్టుపక్కల యాక్సెస్ పాయింట్ల జాబితాను ఫోన్‌కు ఇస్తుంది. 2011 నాటి 802.11-వి ఫలానా చోటికి మారితే మంచిదని సూచిస్తుంది. 2008లోనే వచ్చిన 802.11-ఆర్ మారే సమయంలో జరిగే ధ్రువీకరణను కుదిస్తుంది. ప్రతి ఉద్యోగికీ విడి గుర్తింపు ఉండి, ప్రతిసారీ సర్వర్‌ను సంప్రదించవలసిన కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో దీని ప్రయోజనం ఎక్కువ. ఒకే పాస్‌వర్డ్‌తో నడిచే ఇంట్లో ఆ తేడా అంతగా తెలియదు.

802.11-ఆర్‌ను ఆన్ చేస్తే కొన్ని పాత ప్రింటర్లు, ఫోన్లు నెట్‌వర్క్‌లో చేరలేకపోవచ్చు. వాటికోసం వేరే పేరుతో మరో నెట్‌వర్క్ ఉంచడం మేలు. 2017లో వెలుగుచూసిన క్రాక్ అనే భద్రతా లోపం ఈ ప్రమాణాన్ని వాడే యాక్సెస్ పాయింట్లనూ తాకింది కాబట్టి, ఆ తర్వాతి సాఫ్ట్‌వేర్ ఉందో లేదో ముందే సరిచూసుకోవాలి.

ఏర్పాటు ముగిశాక పరీక్ష తేలికే. వీడియో కాల్ కలిపి, భవనమంతా మామూలు నడకతో తిరగాలి. మాట తెగిన చోటును గుర్తించి, అక్కడికి దగ్గరలోని రెండు యాక్సెస్ పాయింట్ల శక్తిని ఒక్కో మెట్టు మాత్రమే సవరించి, అదే దారిలో మళ్లీ నడిచి చూడాలి. మెట్లు, లిఫ్టు ముందు భాగం, వార్డుల తలుపుల దగ్గర ఎక్కువసేపు గడపాలి.